మైక్రోబయాలజీ పట్టా: వెల ఎంత, విలువ ఎంత?

విద్యను ధనంతో తూచరాదని మన పెద్దలు చెబుతారు. కాని నాలుగేళ్ల చదువుకు అప్పు చేయవలసి వచ్చే ఈ దేశంలో తూచక తప్పదు. వైద్యవిద్యను దృష్టిలో ఉంచుకొని మైక్రోబయాలజీలో చేరే పిల్లలు మన కుటుంబాలలో ఉన్నారు. ఆ పట్టా వైద్య కళాశాలకు నిచ్చెన అని తల్లిదండ్రుల నమ్మకం. అయితే 2023–24 విద్యాసంవత్సరానికి అమెరికాలోని ఎం.డి. కళాశాలలకు 52,000 మందికి పైగా దరఖాస్తు చేసుకోగా, చేరగలిగినవారు సుమారు 23,000 మంది. సగానికి పైగా ఆ ఏడు వెలుపలే నిలిచిపోయారు. వారిలో మన బిడ్డ కూడా ఉంటే, చేతిలోని పట్టా ఏపాటి జీవనాధారం కాగలదు? ఈ ప్రశ్న కళాశాలలో చేరకముందే వేసుకోవలసినది.

అమెరికా కార్మిక గణాంక శాఖ లెక్కల ప్రకారం 2024 మే నాటికి మైక్రోబయాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 87,330 డాలర్లు. ఈ అంకెను చూసి సంతోషించే ముందు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆ లెక్కలో ఎం.ఎస్., పిహెచ్.డి. చేసినవారూ, దశాబ్దాల అనుభవం గడించినవారూ కలిసి ఉన్నారు. రెండవది, దేశం మొత్తం మీద ఆ పేరుగల ఉద్యోగాలు ఇరవై వేల చిల్లరకు మించవు. కొత్త పట్టభద్రులకు సాధారణంగా ముందు తెరుచుకునే ద్వారం బయలాజికల్ టెక్నీషియన్ ఉద్యోగం. ఇవి సుమారు 80,000 ఉన్నాయి. అదే ఏడు వీరి మధ్యస్థ వేతనం 52,000 డాలర్లు. బ్యాచిలర్స్ పట్టాకు వెల కట్టవలసింది ఈ రెండవ అంకెతోనే.

మూడవ ద్వారం మరొకటి ఉంది. మనవారి దృష్టి దానిపై అంతగా పడదు. ఆసుపత్రుల, రోగనిర్ధారణ కేంద్రాల ప్రయోగశాలలలో మూడు లక్షలకు పైగా ఉద్యోగాలున్నాయి. 2024 మే నాటికి మధ్యస్థ వేతనం 61,890 డాలర్లు. రోగి రక్తంలో ఏ బాక్టీరియా ఉన్నదో, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చేది వీరే. అయితే దీనికి ఉత్త పట్టా సాధారణంగా చాలదు. గుర్తింపు పొందిన శిక్షణ, ఆపైన వృత్తి పరీక్ష అవసరమవుతాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో ప్రభుత్వ లైసెన్సు కూడా కావాలి. ఆ శిక్షణకు డిగ్రీ తరువాత దాదాపు ఒక ఏడాది పడుతుంది. నా అభిప్రాయంలో మైక్రోబయాలజీ విద్యార్థి పెట్టగల పెట్టుబడులన్నిటిలోనూ ఆ ఒక్క ఏడాది మిక్కిలి లాభసాటి అయినది.

దీని వెనుక ఒక ఆర్థిక సూత్రం ఉంది. చట్టం ఎక్కడ సూక్ష్మజీవ పరీక్షను తప్పనిసరి చేస్తుందో, అక్కడ ఉద్యోగానికి నిలకడ ఉంటుంది. మందుల రసాయన పరిశోధన నా వృత్తి. మేము ఎంత శుద్ధమైన అణువును తయారుచేసినా, ఇంజెక్షన్ మందు విపణికి చేరే ముందు దాని నిర్జీవత రుజువు కావాలి. అమెరికన్ ఫార్మకోపియా నిర్దేశించిన పరీక్షలో మందును పోషకద్రవంలో కలిపి 14 రోజులు పొదిగించి చూస్తారు. ఆహార పరిశ్రమలోనూ ఇదే కథ. 1993లో సరిగా ఉడకని హాంబర్గర్ల ద్వారా ఇ.కోలై ఓ157:హెచ్7 వ్యాపించి నలుగురు పిల్లలు మరణించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ క్రిమి ఉన్న పచ్చి కీమాను కల్తీ ఆహారంగా ప్రకటించింది. ఇటువంటి ప్రతి నిబంధన వెనుకా పరీక్ష చేసే చేతులు కావాలి. కనుక ఐచ్ఛిక పాఠ్యాంశాలుగా గణాంకశాస్త్రం, ఆహార సూక్ష్మజీవశాస్త్రం, నాణ్యతా నియమాలు ఎన్నుకున్న విద్యార్థికి పట్టాపై గిరాకీ పెరుగుతుంది.

ఇక అప్పు సంగతి. సాలుకు 6.5 శాతం వడ్డీతో 1,00,000 డాలర్లు అప్పుచేసి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 1,135 డాలర్లు కట్టాలి. 52,000 డాలర్ల జీతంలో, పన్నులు పోకముందే, ఇది నాలుగవ వంతుకు మించుతుంది. అదే అప్పు 27,000 డాలర్లయితే నెలకు దాదాపు 307 డాలర్లతో సరిపోతుంది. మొదటి అప్పుతో ఆ పట్టా గుదిబండ. రెండవదానితో అదే పట్టా ఆస్తి. పాఠం ఒకటే, సూక్ష్మదర్శిని ఒకటే. మారినది మనం చెల్లించిన ధర. సొంత రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని కాదని, పేరు కోసం ఖరీదైన ప్రైవేటు కళాశాలకు ఈ చదువు నిమిత్తం అప్పు చేయడం నాకు సమ్మతం కాదు. పరిశోధన మీద మక్కువ ఉన్నవారు ఎం.ఎస్.కు మళ్లీ అప్పు చేసే ముందు, ఫీజు మాఫీతో పాటు భృతి కూడా లభించే పిహెచ్.డి. అవకాశాలను పరిశీలించాలి. ఆ దారిలో ఐదారేళ్ల పూర్తి జీతం వదులుకోవాలన్న సంగతీ మరువరాదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి మద్రాసు వైద్య కళాశాలలో దక్కినది ఎం.బి.బి.ఎస్. కంటే తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా. ఆ తరువాత ఆయన హార్వర్డులో డాక్టరేటు సాధించారు. ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే, మట్టిలోని సూక్ష్మజీవి నుండి డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడయింది. అందరూ సుబ్బారావులు కాలేరు. కాని మొదటి పట్టాకు పైన ఏమి చేర్చుకున్నామన్నదే దాని విలువను నిర్ణయిస్తుందన్న సత్యం అందరికీ వర్తిస్తుంది.

కనుక తల్లిదండ్రులకు నా మనవి. మైక్రోబయాలజీని వైద్యవిద్యకు నిరీక్షణ మందిరంగా భావించకండి. మీ అమ్మాయి, అబ్బాయి ఆ శాస్త్రాన్ని ఇష్టపడితే తక్కువ అప్పుతో చదివించండి. వేసవి సెలవులలో ప్రయోగశాలలో పని నేర్చుకోనివ్వండి. వృత్తి పరీక్షకు ప్రోత్సహించండి. వైద్య కళాశాలలో సీటు వస్తే మంచిదే. రాకపోయినా ఆ బిడ్డ తలవంచుకోనక్కరలేని, తన కాళ్లపై తాను నిలబడగల వృత్తి చేతిలో ఉంటుంది.