నేవీ తేజస్ మీద వేసిన తప్పు ముద్ర

హుజూర్‌నగర్‌లో యుద్ధవిమానాల మాట కొత్తది కాదు. ఇక్కడి నుంచి పలుమార్లు గెలిచి, ఇప్పుడు రాష్ట్ర మంత్రిగా ఉన్న ఉత్తమ్‌కుమార్ రెడ్డి రాజకీయాల్లోకి రాకముందు వాయుసేన పైలట్. మిగ్-21, మిగ్-23 నడిపారు. సముద్రం మాత్రం ఈ ఊరికి చాలా దూరం. విమానాన్ని రన్‌వే మీద నిలబెట్టి చూడటమే అందరికీ అలవాటు. నౌక మీద దిగే విమానాన్ని కూడా ఆ లెక్కతోనే కొలుస్తారు. అక్కడే పొరపాటు మొదలవుతుంది.

2025 ఏప్రిల్ 28న ఫ్రాన్స్‌తో 26 రఫేల్-మెరైన్ విమానాల ఒప్పందం కుదిరింది. విలువ సుమారు 63 వేల కోట్లు. అప్పటి నుంచి ఒక తీర్పు జనంలో స్థిరపడింది: ‘నౌకాదళం కోసం మనం చేసిన తేజస్ శుద్ధ దండగ. బరువెక్కువ, ఇంజిన్ బలం చాలదు, 2016లో నేవీయే వద్దంది, చివరికి బయట కొనుక్కోక తప్పలేదు.’ ఇందులో చెప్పిన సంగతులన్నీ నిజమే. వాటి నుంచి లాగిన తీర్పు మాత్రం తప్పు.

నేల మీద దిగే పైలట్ చివరి క్షణంలో ముక్కు కాస్త పైకెత్తి, చక్రాలను మెల్లగా రన్‌వేకి తాకిస్తాడు. నౌక మీద ఆ వెసులుబాటు లేదు. డెక్ కదులుతూ ఉంటుంది, జాగా చిన్నది. విమానం వచ్చిన వాలులోనే వచ్చి డెక్‌ను గుద్దుతుంది. తోక కింది హుక్ మూడు తీగల్లో ఒకదాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే గంటకు 240 కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్న వేగం రెండు మూడు సెకన్లలో సున్నా అవుతుంది. పట్టుకోకపోతే మళ్లీ గాల్లోకి లేవాలి కాబట్టి, చక్రాలు తాకగానే పైలట్ ఇంజిన్‌కు పూర్తి బలం ఇస్తాడు. ఆగడానికి వచ్చినవాడు ఎగరడానికి సిద్ధంగా ఉండాలి! ఇదంతా రోజూ తట్టుకోవాలంటే ల్యాండింగ్ గేర్, దాన్ని మోసే చట్రం, హుక్ బిగించిన వెనుక భాగం అన్నీ మళ్లీ గీసుకోవాలి. బరువు పెరిగేది అందుకే. వాయుసేన తేజస్‌తో పోల్చి ‘బరువెక్కువ’ అనడం ఆ విమానం చేయాల్సిన పనినే నేరంగా చూపడం.

ఆ పనిని ఆ విమానం చేసి చూపించింది. పైలట్‌కు డెక్ కనబడేలా ముక్కు దించారు. తక్కువ వేగంలో అదుపు తప్పకుండా రెక్క మొదట్లో కదిలే పలకలు పెట్టారు. 2014 డిసెంబర్ 20న గోవాలోని ఐఎన్ఎస్ హంస స్థావరంలో స్కీ జంప్ (చివర పైకి వంగిన పరుగు బాట) మీది నుంచి లేచింది. 2019 సెప్టెంబర్ 13న అక్కడే నేల మీద పరిచిన తీగను పట్టుకుని ఆగింది. 2020 జనవరి 11న కమడోర్ జైదీప్ మావ్‌లంకర్ దాన్ని విమానవాహక నౌక విక్రమాదిత్య మీద దింపారు. సొంతంగా రూపొందించిన విమానాన్ని ఇలా నౌక మీద తీగతో ఆపిన దేశాలు అప్పటికి ఐదే: అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, చైనా. 2023 ఫిబ్రవరి 6న కొచ్చిలో కట్టిన కొత్త విమానవాహక నౌక విక్రాంత్ మీద కూడా దిగింది.

లోపం లేదని ఎవరూ అనలేరు. ఉన్న ఒక్క ఇంజిన్‌తో, రెండు వందల మీటర్ల లోపు పరుగుతో, నిండా ఇంధనం, ఆయుధాలు మోసుకుని లేవడం దానికి సాధ్యం కాలేదు. 2016 డిసెంబర్‌లో నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా చెప్పింది అదే. అయితే దాని అభివృద్ధికి మద్దతు కొనసాగుతుందని కూడా ఆయన ఆ సందర్భంలోనే చెప్పారు. ఆ సగాన్ని విమర్శకులు వదిలేశారు.

మరి కొనుక్కున్న విమానం సంగతి? రష్యా నుంచి 45 మిగ్-29కెలు తెచ్చుకున్నాం. కాగ్ 2016 నివేదిక ప్రకారం వాటిలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 16 శాతం నుంచి 38 శాతం లోపే. వచ్చిన 65 ఇంజిన్లలో 40 డిజైన్ లోపాల వల్ల పక్కన పెట్టాల్సి వచ్చింది. విక్రమాదిత్య డెక్ మీద ఏళ్ల తరబడి నిలిచిన విమానం అదే. దాన్ని ఎవరూ దండగ అనలేదు. విదేశీ విమానానికి ఓర్పు, సొంత విమానానికి శాపనార్థాలు. ఈ వివక్షే బాధాకరం.

‘ఓడిన’ విమానం ఏమవుతుందో చరిత్ర చెబుతుంది. 1960ల్లో అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా వాయుసేనకూ నౌకాదళానికీ ఒకే విమానం చాలన్నాడు. నేవీ కోసం మార్చిన ఎఫ్-111బి మోయలేనంత బరువై 1968లో ఆగిపోయింది. కానీ దాని ఇంజిన్, రాడార్, ఫీనిక్స్ క్షిపణి నేరుగా ఎఫ్-14 టామ్‌క్యాట్‌లోకి వెళ్లాయి. ఆ టామ్‌క్యాట్ 2006 దాకా అమెరికన్ డెక్‌ల మీద ఉంది. వైఎఫ్-17 కథ మరోలాంటిది. 1975లో వాయుసేన పోటీలో ఎఫ్-16 చేతిలో ఓడిన ఆ నమూనానే నేవీ తీసుకుని, డెక్‌కు తగ్గట్టు మార్చి ఎఫ్/ఎ-18 చేసుకుంది. తర్వాత కెనడా, స్పెయిన్ లాంటి దేశాలు దాన్నే తమ వాయుసేనలకు కొన్నాయి.

చైనా ఉదాహరణ మరీ దగ్గరిది. ఉక్రెయిన్ నుంచి పాత సోవియట్ నమూనా తెచ్చుకుని చేసిన జె-15 కూడా బరువు విషయంలో విమర్శలకు గురైంది. 2012 నవంబర్‌లో లియావోనింగ్ నౌక మీద దిగింది. వాళ్లు ఆపలేదు. 2025 నవంబర్‌లో సేవలోకి వచ్చిన ఫుజియాన్ నౌక మీద విద్యుదయస్కాంత కాటపుల్ట్ నుంచి జె-15 కొత్త రకమూ, జె-35 అనే కొత్త విమానమూ లేస్తున్నాయి.

కాగితం మీది లోపాలు చూసి విమానాన్ని కొట్టిపారేయకూడదన్న పాఠం విశాఖ తీరానికి 1971లోనే తెలుసు. అప్పటి విక్రాంత్‌లో ఒక బాయిలర్ పగిలి ఉంది. దాని సీ హాక్‌లు ధ్వని వేగాన్ని కూడా అందుకోలేని పాత జెట్లు. కాగితం మీద చూస్తే యుద్ధానికి పనికిరానివే. కానీ డిసెంబర్ 4 నుంచి అవి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసి తూర్పు పాకిస్తాన్ రేవులను స్తంభింపజేశాయి. ఆ నౌకను ముంచాలని వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర తానే మునిగింది.

ఇంకో సంగతి. 2022 జనవరిలో రఫేల్-మెరైన్ మన నౌకలకు సరిపోతుందో లేదో పరీక్షించింది ఎక్కడ? హంస స్థావరంలోని అదే స్కీ జంప్ మీద. నేవీ తేజస్ కార్యక్రమం లేకపోతే ఆ పరీక్షా కేంద్రం మనకు ఉండేదా?

2025 జూన్‌లో రఫేల్ ఫ్యూజలాజ్‌లను (విమాన ప్రధాన దేహాలను) హైదరాబాద్‌లో తయారు చేయడానికి టాటా, దసో సంస్థలు ఒప్పందం చేసుకున్నాయి. నల్లగొండ, సూర్యాపేట డిప్లొమా పిల్లలకు అది మంచి పని, కాదనడానికి లేదు. కానీ అక్కడి గీత ఫ్రాన్స్‌ది. ఎక్కడ మందం పెంచాలి, ఎందుకు పెంచాలి అన్నది ఆ గీత గీసినవాడికే తెలుస్తుంది. మన ఇంజినీర్లకు ఆ తెలివిడి నేవీ తేజస్ వల్ల వచ్చింది. రెండు ఇంజిన్లతో, మొదటి గీత నుంచే నౌక కోసం బెంగళూరులోని విమాన రూపకల్పన సంస్థ ఏడీఏ గీస్తున్న కొత్త డెక్ ఫైటర్‌కు పునాది అదే. రఫేల్‌లు వస్తున్నాయి కదా అని ఆ ప్రాజెక్టుకు నిధులు ఆలస్యం చేస్తే, ఆ పని నేర్చిన ఇంజినీర్లు రిటైరైపోతారు, తర్వాతి తరం మళ్లీ హుక్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. రఫేల్‌ల రాక పూర్తయ్యేది 2030 నాటికి. కొత్త విమానానికి పూర్తి నిధులు ఆ లోపే, ఇప్పుడే ఇవ్వాలి.