గీత గీయని డెరివేటివ్ ఎందుకు?

లాగ్ ఎక్స్‌ను ఎక్స్‌తో భాగిస్తే వచ్చే ప్రమేయానికి గరిష్ఠ విలువ ఎంతని అడగండి, మా పిల్లలు తడుముకోరు. డెరివేటివ్ చేసి సున్నా పెడతారు, ఎక్స్ విలువ 'ఈ' అంటారు, జవాబు దిద్దేస్తారు. అదే ప్రమేయానికి గ్రాఫ్ గీయమంటే పెన్ను కదలదు. వరంగల్‌లో ఏళ్లుగా ఇంటర్ లెక్కలు చెబుతున్నవాడిగా నాకు ఇది చిన్న లోపంగా కనిపించదు.

తప్పు పిల్లలది కాదు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 బిట్లు, అందులో 80 లెక్కలే. గీత గీస్తూ కూర్చుంటే ర్యాంకు పోతుందని భయం. నేను బోర్డు మీద అక్షాలు గీయగానే వెనక బెంచీ నుంచి ఒకటే ప్రశ్న: "సార్, దీనికి మార్కులుంటయా?"

నిజానికి గీతకు పట్టేది ఐదు నిమిషాలే. లాగ్ కనుక ఎక్స్ సున్నా కన్నా పెద్దదే కావాలి. సున్నాకు చేరువయ్యే కొద్దీ వక్రం పాతాళానికి దిగుతుంది. 1 దగ్గర అక్షాన్ని దాటి పైకొస్తుంది. డెరివేటివ్‌లో లవం 1 మైనస్ లాగ్ ఎక్స్, హారం ఎక్స్ వర్గం. హారం ఎప్పుడూ ధనమే కాబట్టి గుర్తు తేల్చేది లవమే. అందుకే 'ఈ' దాకా, అంటే 2.718 దాకా ఎక్కుడు, అక్కడ 0.368 ఎత్తున శిఖరం, ఆపై దిగుడు. రెండో డెరివేటివ్ చూస్తే 4.48 దగ్గర వంపు మారుతుంది. ఆ తర్వాత వక్రం అక్షానికి దగ్గరవుతూనే ఉంటుంది, ఎన్నటికీ తాకదు.

ఇంత గీశాక ఫలం చూడండి. 100 ఘాతం 101 పెద్దదా, 101 ఘాతం 100 పెద్దదా? రెండింటికీ లాగ్ తీసి 100, 101ల లబ్ధంతో భాగిస్తే, మిగిలేది 100, 101 దగ్గర మన వక్రం ఎత్తుల పోలికే. శిఖరం దాటాక అంతా దిగుడే కనుక మొదటిదే పెద్దది. 2 ఘాతం 4, 4 ఘాతం 2 రెండూ 16 ఎందుకయ్యాయి? శిఖరానికి అటూ ఇటూ 2, 4 దగ్గర వక్రం ఒకే ఎత్తులో ఉంది కనుక. ఇలాంటి జతలో చిన్నది 1కీ 2.718కీ మధ్యే ఉండాలి, అక్కడున్న పూర్ణసంఖ్య 2 ఒక్కటే. కాబట్టి ధన పూర్ణసంఖ్యల్లో ఇలాంటి జత మరొకటి లేదు.

మా ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు ధర పెరుగుతోందా అని మాత్రమే చూడడు. పెరగడం మందగించిందా అనీ చూస్తాడు. అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది దాన్నిబట్టే. మొదటి డెరివేటివ్, రెండో డెరివేటివ్ చెప్పేవీ ఈ రెండే.

ఫోన్‌లో జియోజెబ్రా యాప్ గ్రాఫ్ గీసిపెడుతుంది కదా అంటారు. గీస్తుంది. కానీ ఆ తెరమీద కుడివైపు వక్రం చదునుగా కనిపిస్తుంది. అది ఇంకా దిగుతోందని, ఎప్పటికీ దిగుతూనే ఉంటుందని రూఢిగా చెప్పేది డెరివేటివ్ గుర్తు మాత్రమే.

దేశంలో తొలి రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ 1959లో వెలసిన ఊరు మాది. ఇంజినీరింగ్ గడప తొక్కబోయే పిల్లలకు గీత చదవడం రాకపోతే ఎట్లా? ఇంటర్ బోర్డు ఏటా ఒక పెద్ద ప్రశ్నకు గ్రాఫ్ కాగితం ఇవ్వాలి. సగం మార్కులు గీతకు, సగం అది అలా ఎందుకు వంగిందో రాసినందుకు. మార్కులున్నాయని తెలిస్తే చాలు, మా కాలేజీలన్నీ మర్నాటి నుంచే నేర్పుతాయి.