ఫరో కాదన్నాడు, మంచిపనే చేశాడు

పోయిన సంచికలో పాఠకుల అభిప్రాయాలు చదివాం. గోష్ఠికి ప్రాచీన ఈజిప్టు ప్రేమకథ ఒకటి ఎంచుకుంటే ఉత్తరాలు ఇంత వేడిగా వస్తాయని సంపాదకులు కూడా అనుకుని ఉండరు. రాసినవారంతా మనవాళ్ళే. పండగలకి ఒకరిళ్ళలో ఒకరం భోంచేసేవాళ్ళమే. అయినా ఈ ఒక్క విషయంలో వారితో పోట్లాడక తప్పడం లేదు. ఎంచేతంటే ఆ కథలో అన్నిటికన్నా మంచి మాట ఏదో, దాన్నే దాదాపు అందరూ తప్పుపట్టారు.

గోష్ఠికి రాలేకపోయినవారి కోసం కథ క్లుప్తంగా చెబుతాం. ఫ్రెంచి రచయిత తియోఫిల్ గోత్యే 1840లో రాసిన 'మమ్మీ పాదం' అది. లాఫ్కాడియో హెర్న్ ఇంగ్లీషు అనువాదం 1882లో వచ్చింది. పారిస్‌లో ఒక యువకుడు పాతసామాన్ల కొట్లో బల్లమీది కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి ఏదైనా వింత వస్తువు కావాలని వెతుకుతాడు. ఒక ఆడపిల్ల పాదం దొరుకుతుంది. హెర్మోంథిస్ అనే ఈజిప్టు రాకుమారి మమ్మీ నుంచి విరిచి తెచ్చినది. ఐదు బంగారు నాణాలిచ్చి కొనుక్కుంటాడు. ఆ రాత్రి రాకుమారి ఒంటికాలితో గెంతుకుంటూ వచ్చి తన పాదం తనకిమ్మంటుంది. అతను ఇచ్చేస్తాడు. ఆమె సంతోషించి తన తండ్రి దగ్గరికి, ముప్ఫై శతాబ్దాల అవతలికి, తీసుకువెళుతుంది. ఏం కావాలో కోరుకోమంటాడు ఫరో. పాదం ఇచ్చినందుకు పాణిగ్రహణం చేయించమంటాడు కుర్రవాడు. నీ వయసెంత అని అడుగుతాడు ఫరో. ఇరవై ఏడు. మా అమ్మాయికి మూడు వేల ఏళ్ళు, కాలానికి నిలిచే మొగుడు కావాలి, మీవాళ్ళకి శరీరం నిలుపుకోవడమే తెలియదు, నీకు పిల్లనివ్వను పొమ్మంటాడు. మెలకువ వస్తుంది.

ఇక ఉత్తరాలు. ఒక సోదరి రాశారు: ప్రేమకి వయసేమిటి, ఆ ముసలాయన కర్కోటకుడు అని. మరొకరు, ఇదంతా కల అని తేల్చి రచయిత మోసం చేశాడన్నారు. ఇంకొకరు, కాలంలో ప్రయాణానికి యంత్రం ఉండాలి కదా, ఇందులో లేదే అన్నారు. (వెల్స్ యంత్రం వచ్చింది 1895లో. దానికి యాభై అయిదేళ్ళ ముందు కథని పట్టుకుని యంత్రమేదని అడగడం ధర్మం కాదు.) ఒక పెద్దాయన, ఇది మన 'మూగ మనసులు' వంటిదే, జన్మజన్మల బంధం, చివర కలిపేస్తే ఏం పోయిందన్నారు. చాలామంది చివర రాసిన వాక్యం ఒకటే: సరదాగా చదువుకునే కథకి ఇంత విచారణ ఎందుకు?

ముందు 'మూగ మనసులు' సంగతి చూద్దాం. 1964లో ఆ సినిమా చూసి ఏడవని తెలుగిల్లు తక్కువ. కాని పునర్జన్మ వేరు, ఇది వేరు. పునర్జన్మలో ఇద్దరూ చావాలి, ఇద్దరూ పుట్టాలి. లెక్క సమానం. ఇక్కడ ఒకరు మాత్రమే పోయారు. రెండోవాడు ఊపిరితో, చొక్కాతో, అభిప్రాయాలతో సహా వెళ్ళి, పోయిన మనిషిని నాకివ్వమంటున్నాడు.

మరి మన పురాణాల్లో యుగాలు దాటిన పెళ్ళి లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి తన కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ గానం జరుగుతుంటే క్షణం ఆగుతాడు. బ్రహ్మ నవ్వి, నువ్వు మనసులో పెట్టుకున్న వరులూ వాళ్ళ మనవలూ కూడా పోయారు, కింద ఇరవై ఏడు మహాయుగాలు గడిచాయంటాడు. చివరికి రేవతి బలరాముణ్ణి చేసుకుంటుంది. కాని ఆ పెళ్ళికి వెల ఎవరు చెల్లించారో చూడండి. కాలం దాటిన మనిషే చెల్లించింది. ఊరు పోయింది, చుట్టాలు పోయారు, తిరిగి వెళ్ళే దారి లేదు. ఆమె వచ్చిన కాలానికి తానే లొంగింది. పారిస్ కుర్రవాడు ఏం వదులుకున్నాడు? ఐదు నాణాలు పెట్టి కొన్న కాగితాల బరువు. దానికి బదులు రాకుమారి కావాలట! బేరం బాగానే ఉంది. ఫరోకి మాత్రం బేరం తెలుసు.

మేము వైద్యులం. మా పని శరీరాలతో. గోష్ఠిలో అందరూ హెర్మోంథిస్ అందం గురించి మాట్లాడుతుంటే మా కళ్ళు ఆ పాదం మీదే నిలిచాయి. అది మనిషి పాదం. దాన్ని బల్లమీద ఉత్తరాల మీద పెట్టుకోవడం చిలిపి సరదాగా చదివి నవ్వుకున్నాం. ఇది గోత్యే కల్పించిన వింత కాదు. ఐరోపాలో మమ్మీలని పొడిచేసి శతాబ్దాల పాటు మందుగా అమ్మారు. ఆ పొడి వల్ల రోగికి మేలు లేదని ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 1582లోనే రాశాడు. ఆ తరవాత కూడా అమ్మకం ఆగలేదు. అదే పొడి చిత్రకారులకి గోధుమరంగు అయింది. 1830లలో లండన్‌లో పెట్టిగ్రూ అనే సర్జను టిక్కెట్టు కొన్న జనం ముందు మమ్మీల కట్లు విప్పాడు. మా వృత్తివాడే. ఈ పాపంలో వైద్యుల వాటా తక్కువేమీ కాదు.

మనకి దగ్గరి ఉదాహరణే ఉంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఒక ఈజిప్టు యువతి మమ్మీ ఉంది. నిజాం కుటుంబం ద్వారా వచ్చింది. హైదరాబాదులో చదివినవారిలో చాలామంది చూసే ఉంటారు. ఆమెనీ రాకుమారి అనే చెప్పుకుంటారు. ఈజిప్టులో చనిపోయిన ఆడపిల్ల ఎవరైనా సరే, మన నోట రాకుమారి అయిపోతుంది. ఆమె పంటినొప్పి మనకక్కరలేదు.

అలాంటి పాదం కథ ఒకటి మేమూ చెబుతాం, ఇది నిజంగా జరిగినది. కైరో మ్యూజియంలో చెక్కతోను తోలుతోను చేసిన కాలి బొటనవేలు ఒకటుంది. సుమారు మూడు వేల ఏళ్ళ కిందటిది. థీబ్స్ శ్మశానంలో ఒక స్త్రీ మమ్మీ కాలికి దొరికింది. ఆమె వేలు తీసేసిన చోట గాయం పూర్తిగా మాని చర్మం పట్టింది. చెక్కవేలు అడుగున అరుగుదల ఉంది. మాంచెస్టరులో జాక్వలీన్ ఫించ్ దాని నమూనా చేయించి, బొటనవేలు లేనివారికి తొడిగి నడిపించి, ఆ వేలితో చక్కగా నడవవచ్చని 2011లో లాన్సెట్ పత్రికలో రాశారు. అంటే ఏమిటి? ఎవరో ఆమె వేలు తీశారు. ఎవరో పుండు కడిగి కట్టు కట్టారు. ఎవరో ఆమె పాదం కొలతపెట్టి, వంగేలా అతుకులు పెట్టి, చెక్క చెక్కారు. ఆమె ఆ వేలితో ఇంట్లో, వీధిలో తిరిగింది. ఈజిప్టులో ప్రేమ కావాలంటే ఇదుగో. దీనికి పారిస్ నుంచి ఎవరూ వెళ్ళనక్కరలేకపోయింది.

ఒక తల్లి తన ఉత్తరంలో, మా అమ్మాయి చదివే జపాను బొమ్మల కథ ఇంతకన్నా ఎంతో నయం, అందులో అందరూ సుఖంగా ఉంటారని రాశారు. చియెకో హొసొకావా 1976లో మొదలుపెట్టిన 'రాజవంశ చిహ్నం' అది. అరవైకి పైగా సంపుటాలు వచ్చాయి. పాఠకుల అభిమానానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కైరోలో చదువుకుంటున్న అమెరికా పిల్ల కేరల్ మూడు వేల ఏళ్ళు వెనక్కిపోతుంది. బంగారు జుట్టు, నీలికళ్ళు చూసి జనం ఆమెని నైలు నది కూతురంటారు. బురదనీళ్ళు వడకట్టి తేటనీళ్ళు చేసి చూపిస్తే చేతులెత్తి మొక్కుతారు. యువ ఫరో మెంఫిస్ ఆమె మీద మనసు పడతాడు. చదివించే కథే, కాదనం. కాని పిరమిడ్లు కట్టిన దేశానికి నీళ్ళు వడకట్టడం నేర్పడానికి పదహారేళ్ళ పిల్ల దిగిరావాలా? ఫరోకి కాదనే నోరు లేకుండా చేస్తేనే మనకి సుఖాంతమా?

బయటినుంచి తెచ్చిన తెలివి ఒక్క రోజులో అందరినీ బాగుచేస్తుందనే నమ్మకం మా వృత్తిలో ఎంత ప్రమాదమో ఈ నైలు ఒడ్డునే తెలిసింది. ఆ నదినీళ్ళలో బిల్హార్జియా ఉంది. 1910లో రఫర్ అనే వైద్యుడు మూడు వేల ఏళ్ళ నాటి మమ్మీల మూత్రపిండాల్లో దాని గుడ్లు చూశాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ జబ్బుని తరిమేయాలని ఈజిప్టు ప్రభుత్వం లక్షలమందికి ఇంజెక్షన్లు ఇప్పించింది. 1980ల మొదటిదాకా సాగింది. ఉద్దేశం మంచిదే, మందు పనిచేసేదే. కాని సరిగా శుద్ధిచేయని సూదులు ఒకరి నుంచి ఒకరికి తిరిగి, హెపటైటిస్ సి ఊళ్ళకి ఊళ్ళే పాకింది. దాన్ని మళ్ళీ కడిగిందెవరు? బంగారు జుట్టు పిల్ల కాదు. 2018, 2019 సంవత్సరాల్లో కోట్లమంది ఈజిప్టువాళ్ళు ఊరూరా బారులు తీరి రక్తపరీక్ష చేయించుకున్నారు, జబ్బున్నవారికి మందులిచ్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కృషిని గుర్తించింది. కథలో ఒక్క పేజీ పట్టే పని, మనుషుల మధ్య ఇంతకాలం పట్టింది.

ఇప్పుడు 'సరదా కథకి విచారణ ఎందుకు' అన్న ప్రశ్న. సరదాగా ఏది కోరుకుంటామో దాన్నే నిజంగా అడగడానికి వెళతాం, అందుకు. గోత్యే ఈ కథ రాసేనాటికి ఈజిప్టు చూడలేదు. సూయజ్ కాలువ ప్రారంభానికి 1869లో గాని అక్కడ అడుగుపెట్టలేదు. చూడని దేశంలో తనకోసం ఒక రాకుమారి చెక్కుచెదరకుండా కాచుకుని ఉందనే కోరిక అతనికీ ఉంది. 1858లో అచ్చయిన 'మమ్మీ నవల'లో ఒక ఇంగ్లీషు ప్రభువు చేత సమాధిలోని స్త్రీని ప్రేమింపజేసి జన్మంతా బ్రహ్మచారిగా ఉంచేశాడు. కాని 1840 కథలో ఆ కోరికకి ఎదురు నిలబడి, నువ్వెవరివోయి అని అడిగే మనిషిని పెట్టాడు. అది అతని నిజాయితీ.

మనకీ ఆ కోరిక లేదా? మనం దిగిపోయిన ఊరు మనం బండి ఎక్కిన రోజునే ఆగిపోయి ఉండాలని మన ఆశ. మూడేళ్ళకోసారి వెళ్ళి, చెరువుగట్టున మేడలు లేచాయని, మేనకోడలు మనకన్నా వేగంగా ఇంగ్లీషు మాట్లాడుతోందని నొచ్చుకుంటాం. ఇప్పటికీ మూడు వారాల సెలవు పెట్టి కుర్రవాణ్ణి తీసుకెళ్ళి, వరసపెట్టి పెళ్ళిచూపులు చూసి, 'అక్కడి పిల్ల అయితే పద్ధతిగా ఉంటుంది' అనేవారు మన సంఘంలో ఎందరో మనకి తెలుసు. పద్ధతిగా అంటే ఏమిటి? చెక్కుచెదరకుండా అనేగా. ఆ పిల్లా ఇన్నేళ్ళూ బతికింది, చదివింది, మారింది. మనం లేకుండానే. ఆమె తండ్రి మొహమాటపడి అవునంటాడు. ఫరో అయితే వయసెంత, ఊరేది, నిలుస్తావా అని మూడు ప్రశ్నలు వేసేవాడు. ఆ ప్రశ్నలు మన పిల్లలకి ఎవరో ఒకరు వేయాలి.

వచ్చిన ఉత్తరాల్లో ఒక్కదానికి మాత్రం మా దగ్గర జవాబు లేదు. ఇంటర్మీడియెట్ దాకా చదివి ఇక్కడికి వచ్చిన ఒక సోదరి రెండే వాక్యాలు రాశారు: పెళ్ళి అడిగినవాడు మగవాడు, కాదన్నవాడు మగవాడు, ఇంతకీ హెర్మోంథిస్‌ని ఎవరూ అడగలేదే అని. నిజమే. ఆమె కథలో అడిగింది ఒక్కటే, తన పాదం. అది ఆమెకి దక్కింది. పాదం దొరికిన మనిషి ఆ తరవాత ఎక్కడికి నడవాలో ఆమే తేల్చుకోవాలి, ఫరో కూడా కాదు. గోత్యే అక్కడిదాకా వెళ్ళలేదు.

ముసలాయన కర్కోటకుడని రాసినవారు వచ్చే సంచికకి జవాబు రాయాలని కోరుతున్నాం. ఒక్క షరతు. ఆ పాదాన్ని ఐదు నాణాలకి కొనవచ్చునో కూడదో ముందు చెప్పి, ఆ తరవాత పెళ్ళి సంగతి ఎత్తండి.