రిపోర్టులో ‘హెర్పిస్ పాజిటివ్’ అని ఉంటే

రెండుసార్లు గర్భం నిలవకపోతే ‘టార్చ్’ అనే రక్తపరీక్ష రాయడం మన ప్రాంతంలో చాలాకాలంగా అలవాటైపోయింది. ఆ కాగితం మీద ‘హెర్పిస్ ఐజిజి – పాజిటివ్’ అని కనబడగానే ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి. అత్తగారు కోడలి వైపు అదోలా చూస్తారు, భార్య భర్తను నిలదీస్తుంది. ఆ ఒక్క మాట పట్టుకొని ఎవరి నడవడినీ శంకించకూడదని మేము గట్టిగా చెబుతున్నాము. అందుకు కారణం ఆ వైరస్ పైపొర మీదే ఉంది.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలు ఉన్నాయి. జ్వరం తగ్గాక మూతి పేలింది అంటామే, ఆ పొక్కులు ఎక్కువగా మొదటి రకం వల్ల వచ్చేవి. ఇది చాలామందికి చిన్నతనంలోనే, ఇంట్లో పెద్దవాళ్ళు ముద్దు పెట్టుకున్నప్పుడు అంటుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వారిలో 64 శాతం మందికి, అంటే సుమారు 380 కోట్ల మందికి ఇది ఉంది. రెండవ రకం ముఖ్యంగా లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. (ఊళ్ళలో సర్పి అనే జబ్బు వేరు. దాని వైరస్ ఇదే కుటుంబానిదైనా ఈ రెండింటిలో ఏదీ కాదు.)

ఈ వైరస్ పైపొర మీద పదికి పైగా గ్లైకోప్రోటీన్లు, అంటే చక్కెర అంటిన మాంసకృత్తులు, ముళ్ళలా నిలబడి ఉంటాయి. మన శరీరం యాంటీబాడీలు తయారుచేసేది ముఖ్యంగా వీటిని గుర్తుపట్టే. వీటిలో ‘డి’ అనేది కణం తలుపు తీసే తాళంచెవి వంటిది. తాళం మారనప్పుడు తాళంచెవి మారితే పనికిరాదు కదా! అందుకే రెండు రకాల్లోనూ అది చాలావరకు ఒకేలా ఉంది. దానితో వచ్చిన చిక్కేమిటంటే, ఒక రకానికి తయారైన యాంటీబాడీ రెండవ దానికి కూడా అతుక్కుంటుంది. వైరస్ మొత్తాన్ని నూరి తయారుచేసిన పరీక్షలు పొరబడేది ఇక్కడే. చిన్ననాడు మూతి పేలిన గుర్తును చూసి రెండవ రకం ఉందని చెప్పేస్తాయి.

గ్లైకోప్రోటీన్ ‘జి’ సంగతి వేరు. మొదటి రకంలో దాని పొడవు 238 అమైనో ఆమ్లాలు, రెండవ రకంలో 699. రెండవ రకం సుమారు 16 లక్షల ఏళ్ళ క్రితం చింపాంజీల పూర్వీకుల నుంచి మన పూర్వీకులకు వచ్చిందని 2014లో జన్యువులను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అలా వేర్వేరు జీవుల్లో విడిగా పెరిగిన కాలంలో ‘డి’ పెద్దగా మారలేదు, ‘జి’ మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. రెండింటినీ వేరుచేసి చెప్పగల రక్తపరీక్ష దీన్నే చూస్తుంది.

అదైనా తిరుగులేనిది కాదు. 2004లో స్వీడన్ పరిశోధకులు రోగుల నుంచి తీసిన మొదటి రకం వైరస్‌లలో ‘జి’తో పాటు మరి రెండు గ్లైకోప్రోటీన్ల జన్యువులను చదివితే మూడు గుంపులు కనబడ్డాయి. వాటిలో కొన్ని వైరస్‌లు ఒక గుంపు ముక్క, మరో గుంపు ముక్క కలిసినవి. అంటే ఈ వైరస్ ఈనాటికీ మారుతూనే ఉంది. పైగా ‘జి’ పరీక్షలో అంకె హద్దుకు కొంచెమే పైన ఉంటే ఆ పాజిటివ్ తప్పు కావచ్చు. అమెరికాలోని నిపుణుల సంఘం 2016లోను, మళ్ళీ 2023లోను, ఏ లక్షణమూ లేనివారికి, గర్భిణులకు సైతం, ఈ రక్తపరీక్ష చేయవద్దని చెప్పింది. మన దగ్గర మాత్రం టార్చ్ పేరుతో డబ్బులు కట్టించుకొని చేస్తూనే ఉన్నారు. ఇది మాకు నచ్చని విషయం.

నిజంగా పాజిటివ్ అయినా ఆ కాగితం ఎప్పుడు అంటుకుందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు. పాత ఐజిజి గర్భం పోవడానికి కారణం అని కూడా అనుకోవద్దు. ఐజిఎమ్ పాజిటివ్ అయితే కొత్తగా వచ్చినట్టే అనుకుంటారు. అదీ నమ్మదగినది కాదు, పాత వైరస్ తిరగబెట్టినప్పుడు కూడా అది కనబడవచ్చు.

కనుక టార్చ్ రాసినప్పుడు, “దీనివల్ల నా వైద్యంలో ఏం మారుతుంది, డాక్టరుగారూ?” అని అడగండి. అడగడం మీ హక్కు. పొక్కులు ఉంటే ఎండిపోకముందే రండి. వాటి నీటిని తీసి పి.సి.ఆర్. చేస్తే ఏ రకమో తెలుస్తుంది. నెలలు నిండినవారికి మర్మాంగాల దగ్గర పుండ్లు గాని మంట గాని ఉంటే సిగ్గుపడకుండా కాన్పుకు ముందే చెప్పాలి, ఎందుకంటే బిడ్డకు అంటుకుంటే ప్రాణాపాయం. ఇక మూతి పేలినవారు, నాయనమ్మ అయినా సరే, అమ్మమ్మ అయినా సరే, పొక్కులు పూర్తిగా మానేదాకా పసిబిడ్డను ముద్దాడవద్దు.