పలకలిచ్చిన గడ్డ పిల్లలకు ప్రపంచాన్నీ ఇవ్వాలి



మన మార్కాపురం పలక మీద దేశంలో ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దారు. ఆ పలకలు చేసిన చేతుల్లో ఒకప్పుడు పసిచేతులూ ఉన్నాయి. ఊరూరి పిల్లలకు పలకలు చేసి, తాము మాత్రం బడికి దూరమైన బిడ్డలు ఈ గడ్డ మీదే పెరిగారు. ఆ బాకీ మన తరం మీద ఉంది. దాన్ని చదువుతోనే తీర్చాలి.

మొదటి చదువు, తాను భూమి మీద ఎక్కడ ఉన్నాడో బిడ్డకు తెలియడం. ఉష్ణ మండలం, సమశీతోష్ణ మండలం, శీతల మండలం అని పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అప్పజెబితే చాలదు. చూడాలి. తాకాలి. అడగాలి.

చీకటి గదిలో ఒక బత్తాయి పట్టుకుని టార్చి వెయ్యండి. నడుమ భాగాన వెలుగు సూటిగా, చిక్కగా పడుతుంది. తొడిమ దగ్గర ఏటవాలుగా, పలచగా పరుచుకుంటుంది. భూమి నడుమ ఎండ ఎందుకు మండుతుందో, ధ్రువాల దగ్గర మంచు ఎందుకు పేరుకుంటుందో ఆరేళ్ల బిడ్డకూ అర్థమవుతుంది. భూమధ్యరేఖకు అటూ ఇటూ 23.5 డిగ్రీల దాకా ఉష్ణ మండలం. అక్కడి నుంచి 66.5 డిగ్రీల దాకా సమశీతోష్ణం. ఆ పైన శీతలం. మార్కాపురం 16 డిగ్రీల లోపే ఉంది. గిద్దలూరు 15 డిగ్రీలు దాటి కొంచెం ఉత్తరాన ఉంది. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన నిలిచే సీమ మనది. ఆ భాగ్యం ఢిల్లీకి లేదు, లండన్‌కు లేదు.

ఇంకొక్క మాట. ఇది పిల్లలకంటే ముందు పెద్దలు వినాలి. గోవాలోని పనాజీ, మన గిద్దలూరు, సూడాన్‌లోని ఖార్టూమ్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఒకే సూర్యుడు, ఒకే మండలం. అయినా పనాజీలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. ఖార్టూమ్ ఎడారి అంచు. నైరుతి గాలులు పడమటి కనుమలకు తగిలి, అక్కడే కురిసి, తడి తగ్గి మన దాకా వస్తాయి. మన కరువుకు మూలం అక్కడుంది. అది దేవుడి శాపం కాదు. పూర్వజన్మ పాపం కాదు. మన రాత అంతే అని బిడ్డల ముందు నిట్టూర్చకండి. కారణం తెలిసిన బిడ్డ తల వంచడు, ఉపాయం వెతుకుతాడు.

ఉపాయం వెతికినవారు మన పూర్వులు. వాన కొద్దికాలమే కురుస్తుందని వారికి తెలుసు. కాబట్టే విజయనగర కాలంలో కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి కంభం చెరువు నిలిపారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా దానికి గుర్తింపు వచ్చింది. శీతోష్ణస్థితి పాఠానికి అంతకంటే గొప్ప తరగతి గది ఎక్కడుంది? పిల్లల్ని ఆ కట్ట మీదికి నడిపించండి. నల్లమల అడవిలో ఎండాకాలం ఆకు రాల్చే చెట్లను చూపించండి. నీటిని దాచుకోవడానికే అవి ఆకు రాలుస్తాయని చెప్పండి.

గల్ఫ్ ఎండల్లో పనిచేసి వచ్చిన అన్నలారా, మంచు కురిసే దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న అక్కలారా, సెలవుకు ఇంటికొచ్చినప్పుడు ఒక్క పూట మీ ఊరి బడికి ఇవ్వండి. మీరు చూసిన ఆకాశం గురించి, తొడిగిన బట్టల గురించి, తిన్న తిండి గురించి చెప్పండి. పుస్తకం చెప్పలేనిది మీరు చెప్పగలరు.

ఆగస్టు రెండో వారంలో సూర్యుడు మళ్లీ మన నడినెత్తికి వస్తాడు. ప్రతి బడిలో, గుడి ముంగిట, మసీదు ఆవరణలో, చర్చి ప్రాంగణంలో ఒక కర్ర నాటండి. దారానికి రాయి కట్టి, కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో సరిచూడండి. ఆ రోజు మబ్బు పడితే మర్నాడు చూడండి. మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో కర్ర నీడ దాదాపు మాయమవుతుంది. ఆ క్షణాన ఈ సీమలో ఏ బిడ్డా పనిలో ఉండకూడదు. ప్రతి బిడ్డా ఆ కర్ర చుట్టూ ఉండాలి. వారిని అక్కడికి చేర్చే పని మనది. ఈ రోజే మొదలుపెడదాం.