శ్లేష దోషం కాదు, కపటం దోషం

పరిటాలలో విజయవాడ–హైదరాబాదు రహదారి ప్రక్కన 135 అడుగుల ఎత్తున నిలిచిన అభయాంజనేయస్వామికి చేయెత్తి నమస్కరించని బాటసారి అరుదు. ఆ ప్రాంతంలోనే ఒక గ్రామోత్సవంలో భజన ముగిసిన మరుక్షణం, అదే మైకులో ఒక ద్వంద్వార్థ సినీగీతం మ్రోగింది. ఇదేమి అపచారమని ఒక పెద్దాయన ప్రశ్నించగా, పాట పెట్టిన యువకుడు, “క్షేత్రయ్య పదాల్లో లేనిది ఇందులో ఏమున్నదండీ? అది వింటే భక్తి, ఇది వింటే బూతా?” అన్నాడు. పెద్దలు మౌనం వహించారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. మనవద్ద సమాధానం లేకపోవడమే తప్పు.

మనలో కొందరి సమాధానం సులభమైనది: శృంగారాన్నంతటినీ బహిష్కరించాలట! ఇది శాస్త్రసమ్మతం కాదు. కామం చతుర్విధ పురుషార్థాలలో ఒకటి. ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని గీతాచార్యుడే సెలవిచ్చాడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో అశ్లీలాన్ని దోషంగానే గణించాడు. వ్రీడను, జుగుప్సను, అమంగళాన్ని స్ఫురింపజేసేదని మూడు విధాలుగా విభజించాడు. అయినా సందర్భోచితమైన చోట అది దోషం కాకపోవచ్చునని కూడా అంగీకరించాడు. శ్లేషనైతే ఆలంకారికులందరూ అలంకారంగానే ఆదరించారు.

బహిష్కారం ఎక్కడికి దారితీస్తుందో మన చరిత్రే చెబుతున్నది. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలోని ముద్దుపళని రాధికాసాంత్వనం రచించింది. వీరేశలింగం పంతులుగారు దానిని అశ్లీలమని నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని సమగ్రంగా ముద్రింపించగా, ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వ కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. పురుషులు వ్రాసిన శృంగారానికి లేని అభ్యంతరం స్త్రీ వ్రాసినదానికే ఎందుకని నాగరత్నమ్మ నిలదీసింది. తిరువైయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయం కట్టించినది కూడా ఆ నాగరత్నమ్మే! ఆమె భక్తిని శంకించగలవారెవరు?

మరికొందరి సమాధానం పైకి భక్తిగా కనబడుతుంది: ప్రతి పదమూ జీవాత్మ పరమాత్మల సంవాదమే, దేహప్రసక్తి లేనే లేదని. ఇది కూడా కపటమే. కృష్ణాజిల్లాలోని మొవ్వ గోపాలుని ముద్రతో పాడిన క్షేత్రయ్య నాయిక ఈర్ష్యపడుతుంది, అలుగుతుంది, కోరుతుంది; ఏదీ దాచదు. ఆ దేహవేదనను తుడిచివేస్తే మధురభక్తికి ఆధారమే ఉండదు. విరహం అంటే ఏమిటో ఎరుగనివాడు భగవద్విరహాన్ని ఎట్లా గ్రహిస్తాడు?

ఇప్పుడు ఆ యువకుని ప్రశ్నకు రండి. పదంలో శృంగారం బహిరంగంగా నిలబడి, ఆర్తి అంతరార్థంగా ప్రవహిస్తుంది. ద్వంద్వార్థ గీతంలో పైకి కూరగాయలో, వాహనమో, వానో కనబడుతుంది. లోపల బూతు పొంచి ఉంటుంది. మొదటిది వెలుపలి నుండి లోనికి, క్రింది నుండి పైకి తీసికొనిపోతుంది. రెండవది నవ్వించి క్రిందికి లాగి, “నేనేమన్నాను? మీ మనసులోనే ఉన్నది” అని శ్రోతపైనే నింద మోపి తప్పించుకొంటుంది. పదంలోని నాయికకు స్వరం ఉన్నది. ఆమె ప్రియుని నిలదీస్తుంది. ఈ గీతాలలో స్త్రీ చాలచోట్ల కేవలం వస్తువు. లోపం ప్రతిభలోనిది కాదు. శంకరాభరణానికి సాహిత్యం సమకూర్చిన వేటూరివారి కలమే కొంటెపాటలనూ వ్రాసింది. అంగడి అడిగినది కలం ఇచ్చింది; అడిగినవారం మనమే.

ఈ విచారణకు ప్రమాణం కావాలంటే పరిటాలలో మనం నమస్కరించే స్వామినే ఆశ్రయిద్దాం. సుందరకాండలో హనుమ రావణాంతఃపురంలో వస్త్రాలు తొలగి నిద్రించే స్త్రీలను చూచాడు. ధర్మలోపం కలిగెనేమోనని శంకించాడు. పిదప, ఇంద్రియ ప్రవృత్తికి మనస్సే హేతువని, తన మనస్సు చలించలేదని, స్త్రీని స్త్రీల నడుమనే గదా వెదకవలెనని నిశ్చయించుకొన్నాడు. దృశ్యం ఒక్కటే. సీత కొరకు చూచిన చూపు అన్వేషణ. ఏదీ వెదకని చూపు వట్టి తొంగిచూపు.

కనుక ఉత్సవ నిర్వాహకులకు నా విన్నపం ఇది. నిషేధాల పట్టిక వ్రాయకండి. పాట పెట్టేముందు ఇది ఎవరిని వెదకుతున్నదని ఒక్కసారి ప్రశ్నించుకోండి. పెద్దలకు మరొక విన్నపం: క్షేత్రయ్యను దాచకండి, పిల్లలు ఎదిగినపుడు అర్థంతోసహా, సిగ్గుపడకుండా బోధించండి. మనం నోరు విప్పని చోటనే అంగడి పాట గురువై కూర్చుంటున్నది.

స్వస్తి.