క్షమించమని ఒకవైపే చెబితే ఎలా?

మన సంఘాల్లో క్షమాపణ గురించి ఆడవాళ్లు విన్నన్ని మాటలు మగవాళ్లు వినరు. అత్తగారు ఓ మాట అంటే క్షమించమ్మా. ఆడపడుచు గొలుసు తీసుకుని తిరిగివ్వకపోతే క్షమించమ్మా. భర్త తాగొచ్చి చెయ్యి చేసుకున్నా ప్రార్థన చేసుకుని, క్షమించి, సర్దుకుపోమ్మా. మూడింటికీ ఒకటే మందు! నేనూ విశ్వాసినే. క్షమించడం ప్రభువు ఆజ్ఞ అని నమ్మేదాన్నే. కానీ క్షమించడం వేరు, కప్పిపెట్టడం వేరు అని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా.

ఈ సలహా ఇచ్చేవాళ్లు సాధారణంగా మత్తయి సువార్త 18వ అధ్యాయం తీస్తారు. ఏడు సార్లు క్షమిస్తే చాలా అని పేతురు అడగడం, ప్రభువు ఆ లెక్కను డెబ్బై రెట్లు చేయడం మనందరికీ తెలిసిందే. అదే అధ్యాయంలో కాస్త పైన ఏముందో కూడా చూడండి. తప్పు చేసినవాడి దగ్గరికి వెళ్లి, ఒంటరిగా ఉన్నప్పుడు తప్పు తెలియజెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాటా వినకపోతే బయటివాడిగా ఎంచాలి. కింది భాగం భార్యకు చదివి వినిపించి, పై భాగం భర్తకు వినిపించకపోతే అది సగం బోధే.

యోసేపు సంగతి తీసుకోండి. గోతిలో పడేసి అమ్మేసిన అన్నలు ధాన్యం కోసం ఐగుప్తుకు వస్తే, ఆయన వెంటనే కౌగిలించుకోలేదు. తనెవరో చెప్పలేదు. షిమ్యోనును తన దగ్గరే ఉంచేసుకున్నాడు, బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. తమ్ముడికి బదులు నేను దాసుడిగా ఉండిపోతానని యూదా ముందుకొచ్చాకే యోసేపు ఏడుపు ఆపుకోలేకపోయాడు. పగ తీర్చుకోవాలంటే ఆయన చేతిలో అధికారం ఉంది, తీర్చుకోలేదు. కానీ మనుషులు మారారో లేదో చూసుకున్నాడని నాకు అనిపిస్తుంది. జక్కయ్య కూడా ఊరికే పశ్చాత్తాపపడలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆడపడుచు గొలుసు విషయంలో ఈ కథ ఎందుకో ఎవరికీ గుర్తుకురాదు!

మన దేశంలోనే జరిగిన సంగతి ఒకటుంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, వాహనంలో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను సజీవంగా తగలబెట్టారు. పిల్లలకు 10, 6 ఏళ్లు. భార్య గ్లాడిస్ గారు వాళ్లను క్షమించానని చెప్పారు. బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆవిడ క్షమించారు కదా అని కేసు ఆగలేదు. ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆవిడ మనసు చేసే పని ఆవిడ చేసింది, కోర్టు చేసే పని కోర్టు చేసింది. ఒకటి రెండోదానికి అడ్డం రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా స్త్రీల కూడికకు వచ్చే ఒకమ్మాయి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకొచ్చేది. ఎందుకో అందరికీ తెలుసు, అడిగినవాళ్లు లేరు. చివరికి ఇద్దరు పెద్దావిడలు వాళ్లింటికి వెళ్లి అతని ఎదుటే మాట్లాడారు. అతను మారలేదు. ఆ అమ్మాయి పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఇప్పటికీ అతని కోసం పేరు పెట్టి ప్రార్థన చేస్తుంది, అతని మీద ఒక్క చెడ్డ మాట అనదు. కానీ తిరిగి వెళ్లలేదు. ప్రభు బల్లలో ఆమె పాలుపుచ్చుకుంటుంటే, నిజంగా క్షమిస్తే వెళ్లేది కదా అని వెనక కొందరి గుసగుసలు. నేనైతే ఆమె క్షమాపణ నిజమైనదే అంటాను. క్షమించడానికి ఆమె ఒక్కతి చాలు. మళ్లీ కలిసి బతకాలంటే అతను కూడా మారాలి.

ఇలా మాట్లాడితే కాపురాలు కూలిపోతాయని పెద్దవాళ్ల భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. విసుక్కున్న మాటలు, మరిచిపోయిన పుట్టినరోజులు, కూరలో ఉప్పు గొడవలు, వీటిని పొద్దుగుంకేలోపు వదిలేయాల్సిందే, లేకపోతే ఏ ఇల్లూ నిలబడదు. కానీ దెబ్బలు ఆ జాబితాలోవి కావు. కాపురాన్ని కూల్చేది దెబ్బ, దాన్ని బయటపెట్టిన నోరు కాదు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, కాపురముంటున్న ఇంట్లోనే ఉండే హక్కు కోరవచ్చు. 181కి ఫోన్ చేయవచ్చు. ఇవి వాడుకోవడం విశ్వాసం తగ్గిపోవడం కాదు.

సహవాసం అంటే ఆదివారం పక్కపక్కన కూర్చోవడమే కాదు. ఒకరి కష్టాన్ని ప్రార్థన మనవి పేరుతో ఊరంతా తిప్పడం అసలే కాదు. ఈసారి కూడికలో ఎవరైనా కళ్లు తుడుచుకుంటూ మన పక్కన కూర్చుంటే, క్షమించమ్మా అనే ముందు ఒక్క మాట అడుగుదాం: "ఈ రాత్రికి నీకు ఇంట్లో భయం లేదు కదా? లేకపోతే మా ఇంటికి రా."